టామోక్సిఫెన్ నడుస్తుండగా ఫ్లూక్సెటిన్ రాశారు. ఇవ్వొచ్చా?

నరసన్నపేట ఫార్మసిస్టు

అందరికీ నమస్కారం. కౌంటర్ దగ్గర పదేపదే ఎదురయ్యే చిక్కు ఇది. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా రాయండి.

52 ఏళ్ళ ఆవిడ. రొమ్ము క్యాన్సర్. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ విశాఖలో అయిపోయాయి. ఎనిమిది నెలలుగా టామోక్సిఫెన్ 20 మి.గ్రా. రోజుకొకటి వేసుకుంటున్నారు. కీమో తర్వాత అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు ఉన్నాయని ఇంకో చోట ప్రెగాబలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10 కలిసిన మాత్ర రాత్రికి రాశారు. మూడు వారాల కిందట ఇక్కడే ఒక డాక్టరు గారికి "నిద్దర పట్టట్లేదు, ఏటీ తినబుద్ధెయ్యట్లేదు, ఊరికే ఏడుపొస్తన్నాది" అని చెప్పుకుంటే డిప్రెషన్‌కి ఫ్లూక్సెటిన్ 20 పొద్దున, నిద్రకి ఆల్‌ప్రజోలామ్ 0.25 రాత్రి రాశారు. పాత చీటీలు ఆయనకి చూపించలేదట. ఇప్పుడు కొడుకు మూడు చీటీలూ ఒకేసారి తెచ్చి నెలకి సరిపడా ఇమ్మంటున్నాడు.

టామోక్సిఫెన్‌కి ఫ్లూక్సెటిన్ పడదని చదివాను. నిజంగా అంత ప్రమాదమా, పుస్తకంలో రాసుకునే హెచ్చరికేనా? మూడు వారాలు వేసేసుకున్నారు కాబట్టి ఇప్పుడు ఆపమనాలా? డాక్టరు గారికి ఈ సంగతి ఎలా చేరవేయాలి? ఇంకోటి. "క్యాన్సరొస్తే దిగులుండదా, ధైర్యం చెప్తే చాలదా, మళ్ళీ ఈ నరాల మాత్రలెందుకు" అని ఇంట్లోవాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకేం చెప్పాలి?

వంశధార (క్లినికల్ ఫార్మసీ, క్యాన్సర్ విభాగం)

ముందు రెండు మాటలు. టామోక్సిఫెన్ ఒక్క రోజు కూడా ఆపించకండి. ఫ్లూక్సెటిన్ మార్చాల్సిందే, కానీ ఆ మార్పు రాసిన డాక్టరు చేతుల మీదుగా జరగాలి. కౌంటర్ దగ్గర "ఇది వేసుకోవద్దమ్మా" అని పంపేస్తే ఆవిడ భయపడి మూడు చీటీల మాత్రలూ మానేస్తారు. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ఎందుకు పడదంటే, టామోక్సిఫెన్ ధాన్యం లాంటిది. దాన్ని బియ్యం చేసే మిల్లు కాలేయంలో ఉండే సీవైపీ2డీ6 అనే ఎంజైము. బయటికొచ్చే బియ్యం ఎండోక్సిఫెన్. రొమ్ము కణాల మీద ఈస్ట్రోజన్‌ని అడ్డుకునే పని ఎక్కువగా చేసేది ఆ ఎండోక్సిఫెనే. పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్, బ్యుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు ఈ మిల్లుకి తాళం వేసేస్తాయి. రోజూ ధాన్యం పోస్తున్నట్టే ఉంటుంది, బియ్యం మాత్రం సరిగ్గా రావు. పైకి ఏ లక్షణమూ కనిపించదు. రోగికి తెలియదు, మామూలుగా చేసే రక్తపరీక్షల్లోనూ బయటపడదు. అందుకే ఇది చీటీ దగ్గరే దొరకాలి.

మిగతా డిప్రెషన్ మందుల్లో డులోక్సెటిన్ తాళం వేయదు గానీ మిల్లుని బాగా నెమ్మది చేస్తుంది. సెర్ట్రాలిన్ 50లో పెద్దగా అడ్డుపడదు, మోతాదు 150 దాటిన కొద్దీ అడ్డు పెరుగుతుంది. ఎస్సిటాలోప్రామ్, సిటాలోప్రామ్ ప్రభావం స్వల్పం. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, మిర్టాజపిన్ దాదాపు ముట్టుకోవు. టామోక్సిఫెన్ మీదున్నవాళ్ళకి మొదట ఆలోచించేది వెన్లాఫాక్సినే. ఇంకో లాభం కూడా ఉంది: టామోక్సిఫెన్ వల్ల ఒంట్లోంచి ఆవిర్లు ఎగదన్ని, చెమటలు పట్టి అర్ధరాత్రి లేచి కూర్చునే వాళ్ళకి రోజుకి 37.5 నుంచి 75 మి.గ్రా. వెన్లాఫాక్సిన్ ఆ ఆవిర్లని కూడా తగ్గిస్తుంది. ఈవిడకి నిద్ర పట్టకపోవడానికి కారణం దిగులా, ఆవిర్లా అని ఎవరైనా అడిగారా? ఆ ఒక్క ప్రశ్నతో సగం చీటీ తేలిపోవచ్చు.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు. అవి ఈ మిల్లు మీద ఆధారపడవు. మందుల షాపులో "రొమ్ము క్యాన్సర్ మాత్ర" అన్న మాట మీద ఆగకుండా స్ట్రిప్ మీద పేరు చూడాలి.

మార్చే పద్ధతి ఇది. ఫ్లూక్సెటిన్ 20లో ఉన్నప్పుడు మెల్లగా తగ్గించే పని సాధారణంగా ఉండదు. ఆ మందూ, ఒంట్లో దాన్నుంచి తయారయ్యే పదార్థమూ వారాల తరబడి ఉండి తమంతట తామే దిగుతాయి. ఆపాక 4 నుంచి 7 రోజులు ఆగి, వెన్లాఫాక్సిన్ నిదానంగా విడుదలయ్యే రకం 37.5 పొద్దున తిన్నాక మొదలుపెట్టి, వారం రెండు వారాల తర్వాత 75కి పెంచుతారు. మొదలుపెట్టే ముందు బీపీ చూడాలి, పెంచినప్పుడల్లా మళ్ళీ చూడాలి. మిల్లు పూర్తిగా తెరుచుకోవడానికి మటుకు 5 వారాల దాకా పడుతుంది. మార్చేశాం కాబట్టి రేపటినుంచి అంతా బాగానే ఉంటుందని అనుకోకూడదు. ఎంత త్వరగా మారిస్తే అంత మంచిది. అదే పారోక్సెటిన్ అయితే ఒక్కసారిగా ఆపకూడదు. తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, చిరాకు మొదలవుతాయి. దాన్ని మెట్లు మెట్లుగా దించాలి.

మీరు అడగని ఇంకో జత ఈ చీటీల్లోనే ఉంది. నార్ట్రిప్టిలిన్ ఒంట్లోంచి పోయేది కూడా ఇదే సీవైపీ2డీ6 దారిన. ఫ్లూక్సెటిన్ ఆ దారి మూసేస్తే 10 మి.గ్రా. నార్ట్రిప్టిలిన్ అంతకన్నా చాలా పెద్ద మోతాదులా పనిచేస్తుంది. నోరెండిపోవడం, మలబద్ధకం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, గుండె దడ వస్తాయి. కొత్తగా ఇవేమైనా మొదలయ్యాయేమో అడగండి. "ప్రెగాబలిన్ మాత్ర" అనుకుని ఇచ్చేదాంట్లో పాతకాలపు డిప్రెషన్ మందు దాగి ఉంటుంది. ఈ కలిపిన మాత్రలతో వచ్చే ఇబ్బందే అది. ఇంట్లో ఎవరికీ తెలియదు, రెండో డాక్టరుకి అంతకన్నా తెలియదు.

డాక్టరు గారికి ఫోన్ చేయగలిగితే అదే మేలు. లేదంటే చిన్న కాగితం మీద ఇలా రాసి కొడుకు చేతికివ్వండి: "రోగి ఎనిమిది నెలలుగా టామోక్సిఫెన్ 20 వాడుతున్నారు. ప్రెగాబలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10 కూడా నడుస్తున్నాయి. ఫ్లూక్సెటిన్ సీవైపీ2డీ6ని అడ్డుకుంటుంది కనుక వెన్లాఫాక్సిన్ లేదా ఎస్సిటాలోప్రామ్‌కి మార్చే వీలుందేమో పరిశీలించగలరు." అంతే చాలు. తప్పు అన్న మాట ఎక్కడా ఉండక్కర్లేదు, ఎందుకంటే ఆయనకి పాత చీటీలు చూపించనే లేదు. రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్తామంటే ఈలోగా నాలుగు రోజులకే మాత్రలివ్వండి, నెలకి ఇవ్వకండి.

చంపావతి (సైకియాట్రీ, విజయనగరం)

వంశధార గారు చెప్పిన జతల సంగతితో ఏకీభవిస్తాను. ఒక్క చోట కొంచెం జాగ్రత్త కావాలి. టామోక్సిఫెన్, పారోక్సెటిన్ కలిసి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు పెరిగాయని చూపింది 2010లో కెనడాలోని ఒంటారియోలో 2,430 మంది రికార్డుల మీద చేసిన అధ్యయనం. రెండూ కలిసి నడిచిన కాలం ఎంత ఎక్కువైతే ప్రమాదం అంత ఎక్కువగా కనబడింది. 2016లో అమెరికా నుంచి వచ్చిన అధ్యయనాలు మాత్రం అలాంటి తేడా చూపలేదు. అంటే ఎండోక్సిఫెన్ తగ్గుతుందన్నది ఖాయం, దానివల్ల ప్రాణాలకి ఎంత నష్టమన్నది ఇంకా తేలలేదు. పడని జత వద్దు, ఎందుకంటే పడే మందులు చేతిలోనే ఉన్నాయి. అలాగని మూడు వారాలు ఫ్లూక్సెటిన్ వేసుకున్న ఆవిడకి "మీ క్యాన్సర్ మందు పనిచేయలేదు" అని ఎవరూ చెప్పకూడదు. అప్పటికే దిగులుతో ఉన్న మనిషి ఆ మాటతో కూలిపోతుంది.

ఇక ఇంట్లోవాళ్ళ ప్రశ్న. దిగులు వేరు, డిప్రెషన్ వేరు. క్యాన్సరని తెలిశాక బెంగ, భయం, ఏడుపు సహజం. మనవడొస్తే నవ్వుతుంది, నచ్చిన కూర వండితే రెండు ముద్దలు తింటుంది, మళ్ళీ గుర్తొచ్చి ఏడుస్తుంది. దానికి మనుషుల తోడు చాలు. రెండు వారాలుగా రోజులో ఎక్కువ సేపు దేని మీదా ఆసక్తి లేకుండా, "నేనెవరికీ పనికిరాను, మీకు భారమైపోయాను, పోతే బాగుణ్ణు" అంటూ ఉంటే అది మందు అవసరమయ్యే స్థితి. ధైర్యం చెప్పడం మానమని కాదు. కాలు విరిగినవాడికి ధైర్యం చెప్తాం, కట్టు కూడా కడతాం.

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 వచ్చినా దాటినా డాక్టరు చూడాలి. క్యాన్సర్ రోగుల దగ్గర దీన్ని అలాగే వాడితే మోసపోతాం. ఆకలి లేకపోవడం, నీరసం, నిద్ర చెడటం కీమో వల్ల కూడా వస్తాయి. కాబట్టి మొత్తం మార్కుల కన్నా మనసు గురించిన ప్రశ్నల జవాబులకే విలువివ్వాలి: ఆసక్తి పోయిందా, ఆశ పోయిందా, తనను తాను నిందించుకుంటోందా. తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏదొచ్చినా ఆ రోజే మాట్లాడాలి.

మాత్ర రాసే ముందు నాలుగు సంగతులు చూడాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), సోడియం చేయించాలి. మెడ భాగానికి రేడియేషన్ తగిలినవాళ్ళకి థైరాయిడ్ తగ్గిపోతే ముమ్మూర్తులా డిప్రెషన్‌లాగే ఉంటుంది. నొప్పి పూర్తిగా అదుపులో ఉందా చూడాలి. నొప్పితో ఉన్నవాడికి ఏ మాత్రా దిగులు తీర్చలేదు. స్టెరాయిడ్లు నడుస్తున్నాయేమో చూడాలి. డెక్సామెథాసోన్ సాయంత్రం వేస్తే రాత్రంతా నిద్ర ఉండదు, పొద్దున్నే వేసేలా మారిస్తే చాలాసార్లు నిద్రమాత్రతో పనుండదు. నాలుగోది, మెటోక్లోప్రమైడ్. వాంతులకి ఇచ్చే ఈ మాత్రతో కొందరు ఒక చోట కూర్చోలేరు, లేచి తిరుగుతూనే ఉంటారు. దాన్ని ఆందోళన అనుకుని ఆల్‌ప్రజోలామ్ రాసేస్తారు. ఫ్లూక్సెటిన్‌గానీ పారోక్సెటిన్‌గానీ తోడైతే మెటోక్లోప్రమైడ్ ఒంట్లో ఇంకా పేరుకుంటుంది.

ఒక్కసారిగా ముభావంగా మారి, పగలంతా మత్తుగా ఉండి, ఏ రోజో చెప్పలేకపోతే అది డిప్రెషన్ కాదు. ఇన్‌ఫెక్షనో, సోడియం పడిపోవడమో, కాల్షియం పెరగడమో కారణమై ఉంటుంది. అదే రోజు ఆస్పత్రికి పంపాలి.

ఇంట్లోవాళ్ళకి మరో సంగతి తప్పకుండా చెప్పండి. డిప్రెషన్ మాత్ర పారాసెటమాల్‌లా అరగంటలో పనిచేయదు. మొదటి వారం కొంచెం వికారం, కంగారు, నిద్ర చెదరడం ఉంటాయి. నిద్ర, ఆకలి ముందు తేరుకుంటాయి. మనసు తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితానికి 6 నుంచి 8 వారాలు. చాలామంది పదో రోజున "ఏటీ గుణం లేదు" అని మానేస్తారు. తగ్గాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించి, ఆపేటప్పుడు నెల రోజుల్లో మెల్లగా దించుతారు. ఇవి అలవాటు పడిపోయే మందులు కావు. అలవాటయ్యేది ఆ చీటీలో రాత్రికి రాసిన ఆల్‌ప్రజోలామ్. దాన్ని రెండు మూడు వారాలకి మించి నడపకుండా డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవాలి. నొప్పికి మార్ఫిన్ గానీ ట్రమడాల్ గానీ వాడుతుంటే ఆల్‌ప్రజోలామ్ కలవడం ఊపిరికే ముప్పు.

ట్రమడాల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: అది కూడా ఎక్కువగా సీవైపీ2డీ6 మిల్లులో మారాకే నొప్పి తగ్గిస్తుంది. ఫ్లూక్సెటిన్, పారోక్సెటిన్, డులోక్సెటిన్ వాడేవాళ్ళకి ట్రమడాల్ పనిచేయడం లేదంటే అది నటన కాదు. పైగా ఆ జతతో ఫిట్స్ రావచ్చు, సెరటోనిన్ అతి అయి చెమటలు, వణుకు, కండరాలు ఎగిరిపడటం, విరేచనాలు, జ్వరం, తికమక రావచ్చు. మందు మొదలెట్టిన లేదా పెంచిన ఒకటి రెండు రోజుల్లో ఇవి కనబడితే ఆగకుండా అత్యవసర విభాగానికి పంపండి. లినెజోలిడ్ అనే యాంటీబయోటిక్ తోడైనా ఇదే ప్రమాదం.

నరసన్నపేట ఫార్మసిస్టు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. నోరెండిపోవడం, మలబద్ధకం ఆవిడకి నిజంగానే రెండు వారాలుగా ఉన్నాయట. కాగితం రాసి పంపాను, నాలుగు రోజులకే మాత్రలిచ్చాను.

ఇలాంటివే ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి: 66 ఏళ్ళ పెద్దావిడ, అడ్డచుట్ట అలవాటు, అంగిట్లో క్యాన్సర్. రేడియేషను, వారానికో కీమో నడుస్తున్నాయి. ముక్కు గొట్టం ద్వారా పాలు, జావ పోస్తున్నారు. ఎస్సిటాలోప్రామ్ 10, మత్తునిచ్చే క్లోనజెపామ్ 0.5 కలిసిన మాత్ర రాశారు. కీమో రోజుల్లో వాంతులకి ఒండాన్‌సెట్రాన్ ఉంటుంది. నూరి గొట్టంలో పోయొచ్చా?

రెండోది: కవిటి వైపు నుంచి 58 ఏళ్ళ మనిషి, పెద్దపేగు క్యాన్సర్, ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తర్వాత చేతులు కాళ్ళు మొద్దుబారి మంటలు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.6. డిప్రెషన్‌కీ మంటలకీ ఒకే మాత్ర అని డులోక్సెటిన్ 60 రాశారు.

మహేంద్రతనయ (పాలియేటివ్ నర్సింగ్)

అంగిలి క్యాన్సర్ పెద్దావిడ గురించి నేను రాస్తాను.

మన తీరంలో అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ళకి నిప్పు వైపు నోట్లో ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలేది అంగిలికే. రేడియేషన్ మొదలయ్యాక నోరు పుండైపోతుంది, లాలాజలం ఎండిపోతుంది. అందుకే వీళ్ళకి ఎమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ వీలైనంత వరకూ వద్దు. ఉన్న తడిని కూడా పీల్చేస్తాయి.

గొట్టంలో పోయడం: ఎస్సిటాలోప్రామ్ మామూలు మాత్రని మెత్తటి పొడి చేసి 15 మి.లీ. గోరువెచ్చని నీళ్ళలో బాగా కలిపి పోయొచ్చు. ముందు 20 నుంచి 30 మి.లీ. నీళ్ళు, తర్వాత మళ్ళీ అంతే. పాలల్లో, జావలో కలపకండి. గొట్టం గోడలకి అంటుకుని రెండు రోజుల్లో మూసుకుపోతుంది, సగం మందు కూడా అక్కడే ఆగిపోతుంది. అన్ని మాత్రలూ ఒకేసారి నూరి పోయకూడదు, ఒక్కోదాని మధ్య 10 మి.లీ. నీళ్ళు పోయాలి. నోటితో మింగేవాళ్ళకి సెర్ట్రాలిన్ నూరిస్తే చేదు, పైగా నాలుక మొద్దుబారుతుంది. గొట్టంలో అయితే ఆ ఇబ్బంది లేదు. వెన్లాఫాక్సిన్ నిదానంగా విడుదలయ్యే రకం, డులోక్సెటిన్ గుళికలు ఎప్పుడూ నూరకూడదు. రోజంతా మెల్లగా అందాల్సిన మందు ఒక్కసారిగా దిగుతుంది, లేదా కడుపులోని ఆమ్లానికి పాడైపోతుంది. మిర్టాజపిన్‌లో నాలుక మీద కరిగే రకం దొరుకుతుంది. రాత్రి 7.5 లేదా 15 మి.గ్రా. వేస్తే నిద్ర వస్తుంది, వికారం తగ్గుతుంది, ఆకలి లేస్తుంది. బక్కచిక్కిపోతున్న రోగికి నేనైతే డాక్టరు గారిని ముందు దీని గురించే అడుగుతాను. అరుదుగా తెల్లకణాలు పడేస్తుంది కాబట్టి కీమోలో ఉన్నవాళ్ళకి జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

ఇక ఒండాన్‌సెట్రాన్, ఎస్సిటాలోప్రామ్. రెండూ గుండె కొట్టుకునే లయలో క్యూటీ అనే భాగాన్ని సాగదీస్తాయి. విడివిడిగా చాలామందికి ఏమీ కాదు. వాంతులతో, విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పడిపోయినప్పుడు ఈ రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా మెగ్నీషియాన్ని మూత్రంలో పోగొడుతుంది. చేయాల్సింది కష్టమైనదేం కాదు. మాత్ర మొదలెట్టే ముందు ఒక ఈసీజీ, మొదలెట్టిన వారం రెండు వారాలకి ఒకటి, కీమో ముందు చేసే రక్తపరీక్షలో పొటాషియం, మెగ్నీషియం. ఈసీజీలో ఆ క్యూటీ కొలత (క్యూటీసీ) 500 మిల్లీసెకన్లు దాటితే మందు ఆపి గుండె డాక్టరుకి చూపించాలి. 65 దాటినవాళ్ళకి ఎస్సిటాలోప్రామ్ 10కి మించకూడదు, ఈవిడ ఇప్పటికే అక్కడున్నారు. డాంపెరిడోన్ కూడా ఇదే పని చేస్తుంది. "గ్యాసుకి" అని షాపులో చీటీ లేకుండా అడిగేవాటిలో అది ఉంటుంది కాబట్టి మీరే కనిపెట్టాలి.

ఆ మాత్రలో కలిసిన క్లోనజెపామ్ నాకు నచ్చలేదు. 66 ఏళ్ళు, ముక్కు గొట్టం, నోట్లో పుండు. మత్తుగా పడుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. రాత్రి లేచి పడిపోవచ్చు కూడా. విడి ఎస్సిటాలోప్రామ్‌కి మార్చగలరేమో అడగండి. ఎన్నాళ్ళుగా నడుస్తోందో కూడా రాయండి, చాలా రోజులైతే క్లోనజెపామ్‌ని మెల్లగా దించాలి. పాలు పోసేటప్పుడూ, పోశాక అరగంట నుంచి గంట దాకా తల వైపు ఎత్తుగా ఉంచాలి.

ఇంకొకటి, చుట్ట. పొగాకు పొగ కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైముని రెచ్చగొడుతుంది. చుట్ట మానేసిన వారం పది రోజుల్లో అది నెమ్మదించి డులోక్సెటిన్ లాంటి మందుల మోతాదు ఒంట్లో పెరుగుతుంది. ఎస్సిటాలోప్రామ్‌తో ఆ భయం పెద్దగా లేదు.

ఒక్క ప్రశ్న మీరు కూడా అడగొచ్చు, భయపడకుండా అడగండి: "అమ్మా, బతకాలని లేదనిపిస్తోందా?" అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఆ రోజు ఆవిణ్ణి ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. పొలానికి తెచ్చిన పురుగుమందు, గడ్డిమందు ఇంట్లోంచి తీయించండి. మాత్రలు వారానికి మించి ఇవ్వకండి, ఇచ్చినవి కూడా ఇంకొకరి దగ్గర ఉండాలి. ఎమిట్రిప్టిలిన్ జాతి మాత్రలు పిడికెడు మింగితే ప్రాణం దక్కడం కష్టం. 14416 టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వ ఫోన్ సాయం, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చేయిదాటితే 108.

వంశధార (క్లినికల్ ఫార్మసీ, క్యాన్సర్ విభాగం)

కవిటి ఆయన సంగతి. కవిటి ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ. అక్కణ్ణుంచి వచ్చే ఎవరికైనా సరే, క్యాన్సర్ చీటీ అయినా జలుబు చీటీ అయినా, క్రియాటినిన్ ఎంతని అడగకుండా మందు ఇవ్వకండి. క్రియాటినిన్ 2.6 ఉన్న 58 ఏళ్ళ మనిషి బరువు 50 కిలోలనుకుంటే కిడ్నీల వడపోత నిమిషానికి 22 మి.లీ. దగ్గర వస్తుంది. లెక్క సులువే: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తో క్రియాటినిన్‌ని గుణించగా వచ్చినదాంతో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని మళ్ళీ 0.85తో గుణించాలి.

కీమో వల్ల వచ్చే నరాల మంటలకి గట్టి ఆధారం ఉన్న మందు డులోక్సెటినే. 2013లో రోగుల మీద చేసిన మందు పరీక్ష (ట్రయల్) అది చూపింది. వారం 30, తర్వాత 60 అన్న పద్ధతి అక్కడిదే. కానీ వడపోత 30 కన్నా దిగితే డులోక్సెటిన్ వాడకూడదు. కాలేయం జబ్బున్నా వాడకూడదు. దానికి బదులు ప్రెగాబలిన్ అంటారేమో, అది పూర్తిగా కిడ్నీ దారినే పోతుంది. వడపోత 60 కన్నా తగ్గితే మోతాదు సగం, 30 కన్నా తగ్గితే పావు. 75 రెండు పూటలా ఇస్తే ఆయన పగలంతా తూలుతుంటాడు, పడితే తుంటి విరుగుతుంది. వెన్లాఫాక్సిన్ అయితే సగానికి తగ్గించాలి. మిర్టాజపిన్ కూడా చిన్న మోతాదుతో మొదలెట్టాలి. సెర్ట్రాలిన్‌కి మోతాదు మార్చక్కర్లేదు, అందుకే కిడ్నీ రోగులకి ఎక్కువగా అదే రాస్తారు. డయాలసిస్‌కి ఇంకా రాని కిడ్నీ రోగుల డిప్రెషన్‌లో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఒక ట్రయల్ చెప్పింది. కాబట్టి 6 వారాలకీ మార్పు లేకపోతే పెంచుకుంటూ పోకుండా మళ్ళీ ఆలోచించాలి. మాత్రతో పాటు మాటల వైద్యం కూడా జరగాలి.

ఈ జాతి మందులన్నిటికీ ఉన్న రెండు ప్రమాదాలు ఇక్కడ ఎవరూ ఇంకా వివరంగా రాయలేదు. ఒకటి సోడియం పడిపోవడం. పెద్దవయసు, బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్, ఊపిరితిత్తుల చిన్నకణ క్యాన్సర్, సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందులు: వీటిలో ఏదున్నా ముప్పు ఎక్కువ. మాత్ర మొదలైన రెండు వారాలకి ఒక సోడియం పరీక్ష, 135 కన్నా తగ్గితే డాక్టరుకి చూపించాలి, 125 కన్నా తగ్గితే ఆస్పత్రిలో చేరాలి. తలనొప్పి, వికారం, తూలడం, మాట తడబడటం కనబడితే "కీమో నీరసం" అని సరిపెట్టుకోకూడదు.

రెండోది రక్తస్రావం. ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి సెరటోనిన్ కావాలి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూక్సెటిన్, వెన్లాఫాక్సిన్ దాన్ని ప్లేట్‌లెట్లలోకి వెళ్ళనివ్వవు. కీమోతో ప్లేట్‌లెట్లు 50,000 కన్నా దిగినప్పుడు క్యాన్సర్ డాక్టరుకి ఈ మాత్ర సంగతి తెలిసి ఉండాలి. దీనికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర తోడైతే కడుపులో పుండు, నల్లటి విరేచనం. ఉద్దానం మనిషికి డైక్లోఫెనాక్ ఎటూ వద్దు, ఉన్న కిడ్నీ కూడా పోతుంది. ఒళ్ళునొప్పులకి చీటీ లేకుండా అడిగే ఆ మాత్ర దగ్గర మీరు నిలబడితే చాలామందికి మేలు చేసినవారవుతారు.

చంపావతి (సైకియాట్రీ, విజయనగరం)

ఇంకో చిన్న మాట. కీమో వాంతులకి మొదటి నాలుగు రోజులు రాత్రి ఒలాంజపిన్ 2.5 లేదా 5 ఇస్తారు. ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూసి, "మా అమ్మకి పిచ్చి మాత్ర రాశారు" అని పారేసే పిల్లలున్నారు. ఇచ్చేటప్పుడే "ఇది వాంతుల కోసం, నాలుగు రాత్రులే" అని కవరు మీద రాసివ్వండి. అలాగే డిప్రెషన్ మాత్ర కవరు మీద కూడా ఎందుకో, ఎన్నాళ్ళో రాయండి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికా గుళికలు కొందరు ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నారు. అవి ఇమాటినిబ్, ఇరినోటెకాన్ లాంటి క్యాన్సర్ మందుల్ని ఒంట్లోంచి తొందరగా పంపేస్తాయి. మూలికే కదా అని ఊరుకోవద్దు.

నరసన్నపేట ఫార్మసిస్టు

మొదటి ఆవిడకి డాక్టరు గారు ఫ్లూక్సెటిన్ ఆపి, ఆరు రోజుల తర్వాత వెన్లాఫాక్సిన్ 37.5 మొదలెట్టమన్నారు. నార్ట్రిప్టిలిన్ తీసేసి ప్రెగాబలిన్ ఒక్కటే ఉంచారు. ఆవిర్లు నిజంగానే ఉన్నాయట, ఎవరూ అడక్క చెప్పలేదు. పెద్దావిడకి ఈసీజీ, పొటాషియం రాశారు. కవిటి ఆయన మందు ఇంకా మారలేదు, క్రియాటినిన్ రిపోర్టు చీటీకి పిన్ను కొట్టి మళ్ళీ పంపాను.

మిగిలిపోయిన ఫ్లూక్సెటిన్ స్ట్రిప్పు ఏం చేయమంటారు? ఇంట్లోనే ఉంది.

మహేంద్రతనయ (పాలియేటివ్ నర్సింగ్)

వెనక్కి తెప్పించుకోండి. వెన్లాఫాక్సిన్ మొదటి వారం వికారంగా ఉంటే "పాతదే బాగుంది" అని మళ్ళీ దాన్నే వేసుకుంటారు, లేదా రెండూ కలిపి వేసుకుంటారు. మిగిలిన నార్ట్రిప్టిలిన్ కలిసిన మాత్రలు కూడా తెమ్మనండి. టామోక్సిఫెన్, ప్రెగాబలిన్, వెన్లాఫాక్సిన్ మూడు పేర్లూ, మోతాదూ, మొదలైన తేదీ ఒకే కాగితం మీద రాసి విశాఖ ఆస్పత్రి ఫైలు మొదటి పేజీకి అంటించమనండి. కొడుకు ఫోన్లో ఫొటో కూడా ఉండాలి. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా నోరు తెరిచే ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టాలి.